మాట వెనకబడిన పెళ్లి వీడియో

వరుడు మూడో ముడి కూడా వేసేశాడు. గట్టిమేళం మాత్రం అప్పుడే మొదలైంది. పాత వీడియో క్యాసెట్‌ను డీవీడీగా మార్పించుకున్న ఇళ్లలో ఈ వింత కొత్తది కాదు. ఇప్పుడు డిస్కు బదులు పెన్‌డ్రైవ్ ఇస్తున్నా జబ్బు అదే. 'క్యాసెట్ పాతదండీ' అనేది షాపులో దొరికే జవాబు. చాలాసార్లు అది నిజం కాదు. బొమ్మా శబ్దమూ టేపు మీద కలిసే ఉంటాయి. వాటిని విడదీసేది కంప్యూటరు.

మన దేశంలోని పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, గంటకు 90,000. బొమ్మను క్యాప్చర్ కార్డు, శబ్దాన్ని సౌండ్ కార్డు విడివిడిగా అందుకుంటే దేని గడియారం దానిదే. సెకనుకు 48,000 నమూనాలు తీసుకోవాల్సిన సౌండ్ కార్డు మరో పది ఎక్కువ తీసుకుంటే చాలు, గంట తిరిగేసరికి మాట ముప్పావు సెకను వెనకబడుతుంది. టేపు నలిగినచోట సిగ్నల్ తెగితే ఫ్రేములు జారిపోతాయి, శబ్దం ఆగకుండా సాగిపోతుంది. అలా 25 పోతే సెకను పోయినట్టే. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లది మరో తంటా. అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో సెకనుకు 29.97 ఫ్రేములు. సాఫ్ట్‌వేర్ దాన్ని 30గా లెక్కేస్తే గంటకు 3.6 సెకన్ల ఎడం వస్తుంది.

కనుక తేడా ఎంత అన్నదానికంటే, అది ఎలా నడుస్తోందన్నది ముఖ్యం. కొలవడానికి గట్టిమేళం పనికిరాదు. పురోహితుడు సైగ చేశాక డోలు అందుకునేసరికి ఎలాగూ క్షణం పడుతుంది. కొబ్బరికాయ కొట్టడం మేలు, సినిమావాళ్ల క్లాప్ బోర్డు చేసే పనే అదీ చేస్తుంది. అలాంటి చోటు క్యాసెట్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి పట్టుకోవాలి. చప్పట్లయినా సరే. రెండుచోట్లా తేడా ఒకటే అయితే శబ్దాన్ని మొత్తంగా జరిపితే సరి. వర్చువల్‌డబ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మిల్లీసెకన్ల లెక్కన జరపొచ్చు, ఒక ఫ్రేమంటే 40 మిల్లీసెకన్లు. తేడా క్రమంగా పెరుగుతుంటే జరపడం దండగ. శబ్దం నిడివిని బొమ్మ నిడివికి సరిపోయేలా సాగదీయాలి లేదా కుదించాలి. వెయ్యిలో ఒక వంతు మార్పు చెవికి తెలియదు. ఉన్నట్టుండి ఒకచోట తప్పుతుంటే అక్కడ ముక్క కోసి, దాన్ని విడిగా సరిచేయడమే మార్గం. విసుగు పుట్టించే పని. అందుకే చాలామంది మొదటి వైద్యంతో సరిపెడతారు. గణపతి పూజ కుదురుతుంది, అప్పగింతలు కుదరవు.

అసలు బొమ్మనూ శబ్దాన్నీ ఒకే పరికరం, ఒకే గడియారంతో అందుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరాన్ని మధ్యలో పెడితే ఫ్రేములు జారడం కూడా తగ్గుతుంది. పని ఇచ్చేముందే షాపులో ఆ సంగతి అడగాలి.

డిస్కు చేతికొచ్చాక ముందు చూడాల్సింది ఆఖరి పది నిమిషాలు. అవి కుదిరినా క్యాసెట్‌ను పారెయ్యకూడదు, బూజు పట్టకుండా పొడిచోట దాచాలి. వీహెచ్‌ఎస్ ప్లేయర్ల తయారీలో చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆ పని ఆపేసింది. ఇంకోసారి టేపు తిప్పే అవకాశం ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. నాయనమ్మ గొంతు ఆ ఒక్క టేపులోనే ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకని డిస్కుతోపాటు, డీవీడీ కోసం కుదించకముందు క్యాప్చర్ చేసిన ఫైలునూ అడిగి హార్డ్‌డిస్కులో వేయించుకోవాలి.