పరీక్ష తప్పిన కోడలు



ఈ మాసమున వేసవి పచ్చళ్లను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాటను వచ్చు నెలకు వాయిదా వేయుచున్నందుకు మన్నింపవలెను. మా వీథిలో నొక యింట జరిగిన సంగతి మా మనస్సును విడువకున్నది. అట్టిది మీ వీథిలోను జరుగుచుండవచ్చును గనుక దానినే విన్నవింతుము.

మా జహీరాబాదు హైదరాబాదునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున, ముంబయి వైపు పోవు పెద్దరోడ్డు మీద, కర్ణాటక పొలిమేరకు చేరువగా నున్నది. చుట్టును చెఱకు తోటలు. ఊరి చెంత ట్రాక్టర్ల కర్మాగారము. ఇచ్చటి పిల్లలకు తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగును వీథిలోనే చెవిని బడును. ఇంగ్లీషు మాత్రము బడిలో నేర్చుకొనవలసినదే.

మేము చెప్పబోవు నింటి కోడలు బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు చదివి, రాష్ట్ర నర్సింగు మండలిలో పేరు నమోదు చేయించుకొని, ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయుచున్నది. భర్త కర్మాగారమున పనివాడు. అమెరికాలో నర్సుగా పని చేయగోరువారు ఎన్‌క్లెక్స్ అను పరీక్షలో నెగ్గినగాని అచ్చట లైసెన్సు దొరకదు. మన దేశములో దానిని వ్రాయుటకు వీలున్న నగరములలో హైదరాబాదొకటి. ఈ పిల్ల రెండేండ్లు కూడబెట్టిన జీతముతోడను, అత్తగారు కుదువబెట్టిన గొలుసుతోడను ఆ పరీక్ష వ్రాసినది, తప్పినది.

ఫలితము తెలిసిన పిదప మూడు దినములు ఆమె యెవరికిని చెప్పలేదు. డ్యూటీకి పోయి వచ్చుచు, వంట చేయుచు, ఏమియు జరుగనట్లే తిరిగినది. నాలవనాడు మా యింటికి వచ్చి, పెరటి గడపమీద గూర్చుండి, “చిన్నమ్మా, నేను ఫెయిలైన. అత్తమ్మకు ఎట్ల చెప్పాలె?” అని కన్నీరు పెట్టుకొన్నది.

మేము వెంటనే “పోనిమ్ము తల్లీ, అంతయు విధి” అంటిమి. ఆ మాటకు పిల్ల మఱింత యేడ్చినది. తరువాత ఆలోచింపగా మా తప్పు మాకు దెలిసినది. విధియే కారణమైనచో ఇక చేయదగినదేదియు లేదన్నమాట! ఓదార్పనుకొని మేము తలుపు మూసితిమి.

అప్పుడు మా చిన్ననాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చినది. మేము బడికి పోలేదు. తాతగారి యొద్దనే అమరకోశమును, భారతమును చదివితిమి. పదియేండ్ల ప్రాయమునకే అమరము మొదటి కాండము తడబడక యప్పగించుచుంటిమి. ఒకనాడు ఇంటికి వచ్చిన పండితుడు ఒక పద్యము చదివి, అందలి పదమున కర్థ మడిగెను. ఆ పదము మేము నిత్యము వల్లించునదే. అయినను పద్యములో గుర్తింపలేకపోయితిమి. నోటికి వచ్చుట వేఱు, పట్టుబడుట వేఱు. ఆ రాత్రి మేము అన్నము తినలేదు. తాతగారు మందలింపలేదు, మఱునాటినుండి వల్లింపు తగ్గించి, పద్యములలో పదములను వెదకించిరి. ఆ చదువే నేటికిని మాకు నిలిచినది.

ఈ సంగతి చెప్పిన పిదప పిల్ల తన సంచిలోనుండి యొక కాగితము తీసినది. తప్పినవారికి ఆ పరీక్షవారు పంపు నివేదిక యది. అందులో మార్కులుండవు. రోగులకు వలయు సేవను ఎనిమిది భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున అభ్యర్థిని గీటునకు పైగా నున్నదో, చేరువగా నున్నదో, దిగువ నున్నదో తెలుపుదురు. ఎన్ని ప్రశ్నల కుత్తర మిచ్చినదో గూడ నుండును. పిల్ల ఆ కాగితమును ఒక్కసారి చూచి మడిచిపెట్టినదట! మూడు దినములుగా మోసినదే గాని చదువలేదు.

ఇచ్చట ఆ పరీక్ష రీతి కొంచెము చెప్పవలెను. దానిని కంప్యూటరు ముందు గూర్చుండి వ్రాయుదురు. సరియైన యుత్తర మిచ్చిన కొలది కఠినమైన ప్రశ్నలు, తప్పిన కొలది సులభమైనవి వచ్చుచుండును. దాటిన ప్రశ్నకు మరల పోవుటకు వీలులేదు. ప్రశ్నలు 85కు తగ్గవు, 150కి మించవు. గడువు 5 గంటలు. అభ్యర్థిని గీటునకు పైనున్నదో క్రిందనున్నదో నూటికి తొంబదియైదు పాళ్లు నిశ్చయమైనప్పుడు యంత్రము ఆగిపోవును. మా పిల్లకు 150 ప్రశ్నలును వచ్చినవి. అనగా యంత్రము తుదివఱకును ఆమెను “తప్పినది” అని తేల్చుకొనలేకపోయినది. పిల్ల గడపదాక వచ్చి ఆగినది గాని ఊరి వెలుపల లేదు. ఈ మాట చెప్పగా మొదటిసారి తలయెత్తినది.

ఎనిమిదింటిలో రెండు భాగములు మాత్రము దిగువనున్నవి: మందుల విషయ మొకటి, రోగులలో నెవరిని ముందు చూడవలెనను విషయ మొకటి. మందుల పేర్లు, మోతాదులు అన్నియు ఆమెకు కంఠస్థములే. మఱి యెట్లు తప్పినది? ఆ రీతి ప్రశ్న యొకటి చెప్పుమంటిమి. ఆమె చెప్పిన దిట్లున్నది: నలుగురు రోగులు గలరు. ఒకరు నొప్పియని బిగ్గరగా మూలుగుచున్నారు. ఒకరు మధుమేహరోగి, భోజన మింకను రాలేదనుచున్నారు. ఒకరు ఇంటికి పోవుటకు కాగితములకై తొందరపడుచున్నారు. నాలవవారికి రెండు గంటల క్రింద శస్త్రచికిత్స జరిగినది. ఏమియు అడుగుటలేదు గాని పడకమీద కుదురుగా నుండలేకున్నారు, నాడి వేగముగా గొట్టుకొనుచున్నది. ముందెవరి యొద్దకు పోవలెను?

పిల్ల మూలుగువారి యొద్దకు పోయినది. పోవలసినది నాలవవారి యొద్దకు. లోపల రక్తస్రావ మగుచుండిన మొదట కనబడు గుర్తులు అట్టివే. వైద్యము మే మెఱుగము గాని ఈ న్యాయము మన మందఱ మెఱిగినదే. నలుగురు పిల్లల తల్లి అఱచు బిడ్డను విని, అఱవక మూల నొదిగిన బిడ్డ నుదురు ముట్టి చూడదా? ఆ పరీక్ష అడుగునది ఈ చూపునే. 2023 ఏప్రిలునుండి ఈ వివేచనకై ప్రశ్నలు మఱింత పెంచినారు: గుర్తులను కనిపెట్టుట, వాని యర్థము తెలియుట, ముందేది వెనుకేది యని నిర్ణయించుట, ఉపాయ మాలోచించుట, ఆచరించుట, ఫలితము చూచుట. మన ఆసుపత్రులలో వైద్యుడు చెప్పినది తప్పక చేయుట నర్సునకు అలవాటు. అచ్చట తన పరిధిలో తానే తేల్చుకొనవలెను. పిల్ల యోడినది తెలివిలో గాదు, అలవాటులో.

భారతమున నలోపాఖ్యానము చదివినవారికి ఈ న్యాయము క్రొత్తది గాదు. నలుడు జూదమున రాజ్యమంతయు పోగొట్టుకొనెను. ఆ పట్టుననే మరల పాచికలు వేసియుండిన మరల నోడెడివాడే. అతడు ఋతుపర్ణుని యొద్ద సారథియై యుండి, తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్కించు ఆ రాజువలన అక్షహృదయమును నేర్చుకొనెను. తరువాతనే పుష్కరుని మరల పిలిచి గెలిచెను. జూదమును మేము మెచ్చుటలేదు. ఓటమికిని రెండవ యాటకును నడుమ ఆ నేర్పుండుటను మాత్రము గమనింపుడు. నలుడు తిరిగి వచ్చుటకు వెనుకనుండి యుపాయము పన్నినది దమయంతి యనుటయు మఱవరాదు. ఇంటివారి పని యది.

తప్పినవారు మరల వ్రాయుటకు కనీసము 45 దినములు ఆగవలెను. ఏటికి ఎనిమిదిసార్లు వ్రాయవచ్చునని నియమమున్నను, కొన్ని రాష్ట్రములవారు అంతకంటె కట్టుదిట్టము చేసినారు. పిల్ల 45వ దినముననే వ్రాయవలెనని తొందరపడినది. మేము వద్దంటిమి. రెండవసారి వ్రాయువారిలో నెగ్గువారి పాలు మొదటిసారివారికంటె తక్కువయని ఆ పరీక్ష నడపువారు ప్రకటించు లెక్కలే చెప్పుచున్నవి. మొదటి రీతినే చదివి రెండవమాఱు పోవుట సొమ్మును నీళ్ల పాలు చేయుట. పరీక్షకు 200 డాలర్లు, మన దేశమున వ్రాయుటకు అదనముగా మఱి 150 డాలర్లు, ఆపైన పన్ను. కావున మూడు నెలల గడువు పెట్టుకొన్నది.

ఆమె పెట్టుకొన్న క్రమమిది. రాత్రి డ్యూటీ నుండి వచ్చి ముందు నిద్రపోవలెను; నిద్రలేని కంటితో చదివినది నిలువదు. మధ్యాహ్నము రెండు గంటలు చదువు. దినమునకు ఇరువదియైదు ప్రశ్నలు చాలును, కాని తప్పిన ప్రతి ప్రశ్నను నోటు పుస్తకమున వ్రాయవలెను: నేనేది యెంచితిని, ఏల యెంచితిని, సరియైనది ఏల సరియైనది. తెలియక తప్పినదా, ప్రశ్న సరిగా చదువక తప్పినదా, భయపడి మార్చి తప్పినదా యని ప్రక్కన గుర్తు పెట్టవలెను. రెండు వారములు గడచుసరికి సగము తప్పులు ప్రశ్న తొందరగా చదువుటవలననే యని తేలినది. అందుచే ఇప్పుడు దినమున కొక పుట ఇంగ్లీషు బిగ్గరగా చదువుచున్నది. మా వారు సాయంకాలము బడినుండి వచ్చి వినుచున్నారు. వారమున కొకనాడు గడియారము ముందుంచుకొని, లేవక, వెనుకకు చూడక దీర్ఘపరీక్ష. పరీక్షకు ముందునాడే హైదరాబాదు చేరవలెను. పాస్‌పోర్టులోని పేరే దరఖాస్తులోను అక్షరము తప్పకుండ ఉండవలెను; వేఱొక గుర్తింపుపత్రము అచ్చట చెల్లదు.

ఇక అత్తగారి సంగతి. ఆమెకు చెప్పునపుడు పిల్ల కోరికపై మేమును వెంట పోయితిమి. “గొలుసు కుదువ పెట్టి కట్టినం గద పంతులమ్మా! మళ్ల పోతే?” అని ఆమె యడిగినది. ఆ ప్రశ్న కఠినముగా దోచవచ్చును గాని న్యాయమైనది. నెగ్గునని మేము ప్రమాణము చేయలేదు. ఆ పరీక్ష తప్పినంత మాత్రమున ఇచ్చటి రిజిస్ట్రేషను పోదని, నీ కోడలు నిన్నను నర్సే, నేడును నర్సేయని, ఆ రాత్రియు ఎవరి బిడ్డకో సెలైను పెట్టబోవుచున్నదని చెప్పితిమి. కాగితము చూపి ఎచ్చట తప్పినదో వివరించితిమి. పెద్దమ్మ చదువెఱుగదు. అయినను నలుగురు రోగుల ప్రశ్న వినగానే, “సప్పుడు చేయనోని దగ్గరికి పోవాలె” అన్నది. కోడలు విస్తుపోయి చూచినది. ఆ క్షణమునుండి అత్తకు ఆ పరీక్ష పరాయిది గాకపోయినది.

ఇప్పుడు మధ్యాహ్నపు రెండు గంటలు ఆ యింట జొన్నరొట్టెలు అత్తగారే చేయుచున్నది. సోదరీమణులారా, మీ యింట పరీక్ష తప్పిన పిల్లయో కోడలో యున్నచో, ఆ రెండు గంటలు మీరియ్యగల కానుక. మఱియొకటి గలదు: చుట్టములముందు ఆ ప్రస్తావన తేకుండుట. “ఫలానావారి పిల్ల నెగ్గినదట” యను మాట చదువుచున్నవారి చెవిని బడకుండ చూడుడు.

తప్పినవారు కొన్నాళ్లు దుఃఖించుట సహజము. కాని రెండు వారములు గడచినను నిద్రాహారములు లేకున్నను, “నేనెందుకు బ్రతుకవలె” నను మాట నోట వచ్చినను, దానిని అలుకయనుకొనరాదు. వెంటనే వైద్యుని చూపవలెను. 14416 అను నెంబరునకు ఫోను చేసిన, టెలి మానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రమువారు తెలుగులోనే మాటలాడుదురు. వెల యేమియు లేదు. రోగులకు సేవ చేయువారు తమ నొప్పిని దాచుకొనుటలో మిక్కిలి నేర్పరులు గనుక ఇంటివారే కనిపెట్టవలెను.

పిల్ల పరీక్ష వచ్చు మాసమున నున్నది. ఫలితమెట్లుండునో మే మెఱుగము. నెగ్గిన తరువాత వ్రాయుదమని కాచుకొనక ఇప్పుడే వ్రాయుట, తప్పినవారికి ఊరట వలసినది ఈ నడిమి దినములందే గనుక. మొన్న నీళ్ల కొళాయి యొద్ద ఒకామె “మీ కోడలి అమెరికా ఏమాయె?” అని నవ్వుచు నడిగినది. అత్తగారు బిందె నెత్తుకొనుచు, “మళ్ల రాస్తది” అని చెప్పి యింటికి నడచినది.

పచ్చళ్ల సంగతి వచ్చు నెలలో తప్పక విన్నవింతుము.