డబ్బు పడింది, ఎవరి ఖాతాలో?

పాత వస్తువును ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టడం, కొనేవాళ్ళు స్వయంగా ఇంటికి వచ్చి పట్టుకెళ్ళడం ఇప్పుడు పట్నాలకే పరిమితమైన వ్యవహారం కాదు. పల్నాడులో దాచేపల్లి పక్కన ఉన్న నడికుడి లాంటి ఊళ్ళో కూడా కుట్టుమిషన్లు, ఫ్రిజ్‌లు, పసిపిల్లల ఊయలలు, పై చదువులకు వెళ్ళిన పిల్లల పుస్తకాలు ఇలాగే చేతులు మారుతున్నాయి. నడికుడి రైల్వే జంక్షన్. గుంటూరు వైపు, మాచర్ల వైపు, మిర్యాలగూడ వైపు వెళ్ళే దారులు అక్కడ కలుస్తాయి. కొనేవాడు ఒక బండికి దిగి, సరుకు చూసి, ఇంకో బండికి వెళ్ళిపోవచ్చు. ఈ సౌకర్యమే అమ్మే స్త్రీ మీద ఒత్తిడిగా ఎలా మారుతుందో తర్వాత చెబుతాను.

ఇలాంటి అమ్మకాల్లో మోసపోకుండా ఉండమని బ్యాంకులు, పోలీసులు, పత్రికలు ఇచ్చే సలహాలకు కొదవ లేదు. అవి తప్పుడు సలహాలని నేననను. కానీ సొంత ఫోను, సొంత ఖాతా, తన వస్తువును తాను అమ్ముకునే స్వేచ్ఛ ఉన్న మనిషిని మనసులో పెట్టుకొని రాసినవి అవన్నీ. ఆ మనిషి మన ఇళ్ళలో స్త్రీ కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో తాము వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ళు దాదాపు 82 శాతం. తాము వాడుకునే మొబైల్ ఫోను ఉన్నవాళ్ళు 49 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు 21 శాతం. ఈ మూడు అంకెల మధ్య ఉన్న దూరంలోనే మన సమస్య అంతా ఉంది. ఖాతా ఆమెది, ఆ ఖాతా సంగతి చెప్పే ఫోను ఇంకొకరిది.

నడికుడిలో కుట్టుపని చేసి బతికే స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు రెండు అనుభవాలు విన్నాను. ఇద్దరూ తమ పాత మిషన్లను అమ్ముకున్నవాళ్ళే.

మొదటామె మోటారు మిషన్ను తొమ్మిది వేలకు పెట్టింది. కొనడానికి వచ్చినతను మర్యాదగానే ఉన్నాడు. "అక్కా, అక్కా" అంటూ మిషన్ను కుట్టించి చూశాడు, మంచినీళ్ళు తాగాడు. ఫోనులో ఏదో నొక్కి "డబ్బులు పడ్డయ్ అక్కా, చూడు" అని పచ్చటి టిక్కు గుర్తు ఉన్న తెర చూపించాడు. ఆమె ఫోనుకు ఏ మెసేజీ రాలేదు. "సర్వర్ స్లోగా ఉంది, కాసేపట్లో వస్తది, నా బండికి టైమయింది" అన్నాడు. ఆమె తటపటాయిస్తుంటే అత్తగారే కలగజేసుకుని, ఇంటికొచ్చిన మనిషిని అట్లా అనుమానిస్తారా అని కసిరింది. మిషన్ ఆటో ఎక్కింది. డబ్బు రానే లేదు.

నన్ను ఆపింది ఆ అత్తగారి మాట. అతని ఫోనులో ఉన్నది నకిలీ యాప్ కావచ్చు, పాత స్క్రీన్‌షాట్ కావచ్చు. డబ్బు పంపినట్టు తెర చూపించే నకిలీ పేటీఎం యాప్‌తో దుకాణదారులను మోసం చేసినవాళ్ళను 2021లోనే హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ సాంకేతికత ఏమంత గొప్పది కాదు. మోసగాడికి నిజంగా పనికొచ్చిన సాధనం ఆడపిల్లకు చిన్నప్పటి నుంచీ మనం నేర్పే అణకువ. ఎదుటివాడిని నొప్పించకూడదు, డబ్బు దగ్గర గట్టిగా మాట్లాడకూడదు, అతిథిని నిలదీయకూడదు. బేరం ఆడే స్త్రీని గయ్యాళి అనే సమాజమే, మోసపోయిన స్త్రీని తెలివితక్కువది అంటుంది.

రెండో ఆమెది మోసం కథ కాదు. కొన్నవాళ్ళు పూర్తి ధర చెల్లించారు, వెంటనే డబ్బు జమైంది. అది ఆమె భర్త ఖాతాలో జమైంది. ఎందుకంటే ఆ ఇంట్లో స్మార్ట్‌ఫోను ఆయనదే, ప్రకటన పెట్టిన నంబరు ఆయనదే, చూపించిన క్యూఆర్ కోడ్ ఆయనదే. ఆ మిషన్ మాత్రం ఆమెకు పుట్టింటివాళ్ళు పెళ్ళిలో ఇచ్చింది. "నా మిషను అమ్మిన డబ్బులు నేను కళ్ళతో కూడా చూడలేదమ్మా" అందామె. చెల్లింపు భద్రత గురించి రాసేవాళ్ళ లెక్కలో ఇది విజయవంతమైన లావాదేవీ. స్త్రీధనం మీద పూర్తి హక్కు స్త్రీదేనని, అది భర్త చేతిలో ఉన్నంత మాత్రాన ఆయనది అయిపోదని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులోనే చెప్పింది. ఆ తీర్పు బంగారానికి ఎంత వర్తిస్తుందో కుట్టుమిషన్‌కూ అంతే వర్తిస్తుంది, దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుకూ వర్తించాలి. కానీ క్యూఆర్ కోడ్ ఎవరిదని ఏ బ్యాంకూ అడగదు.

కాబట్టి ఏ చెల్లింపు పద్ధతి క్షేమం అని అడిగే ముందు, ఎవరి నుంచి క్షేమం అని అడగాలి.

నగదు సంగతే చూడండి. బయటివాడి స్క్రీన్‌షాట్ మోసం నుంచి నగదు కాపాడుతుంది. ఇంట్లోవాళ్ళ కంటబడకుండా దాచుకునే వీలు కూడా దానికే ఉంది. మన అమ్మల పోపుల డబ్బాలు ఆ రకంగా ఖాతా పుస్తకం లేని బ్యాంకులే. 2016 నవంబరు 8న పెద్దనోట్ల రద్దుతో ఆ డబ్బాలన్నీ ఒక్క రాత్రిలో భర్తల ముందు బోర్లాపడ్డాయి. స్త్రీల రహస్య పొదుపును నల్లధనంతో కలిపి చూసిన ఆ నిర్ణయం గురించి ఇంకా రాయవలసింది చాలా ఉంది. ఇక్కడ మాత్రం, నగదులో ఉన్న ఇంకో ప్రమాదం గురించి చెప్పాలి. దొంగనోటు తీసుకెళ్ళి బ్యాంకులో ఇస్తే దాన్ని జప్తు చేసుకుని రసీదు ఇస్తారే తప్ప విలువ తిరిగి ఇవ్వరు. రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారం ఒకే లావాదేవీలో అలాంటివి నాలుగు దాకా ఉంటే నెలవారీ నివేదికలో పోలీసులకు తెలియజేస్తారు, అయిదు లేదా అంతకు మించితే కేసు నమోదుకు వెంటనే పంపాలి. అంటే ఎవడో అంటగట్టిన నోట్లకు జవాబు చెప్పుకోవలసింది కౌంటరు ముందు నిలబడిన ఆమే.

అందుకే నాకు తోచిన పద్ధతుల్లో మేలైనది చాలా పాతది. సరుకును పగటిపూట, ఇరుగుపొరుగు ఉండగా చూపించండి. నచ్చితే కొనేవాడితో బ్యాంకుకు వెళ్ళండి. నగదును అతనే కౌంటరులో మీ ఖాతాకు కట్టాలి. నోట్లు లెక్కపెట్టేది, పరీక్షించేది క్యాషియరు. నోటు చెల్లకపోతే జవాబు చెప్పేది అతను. పాస్‌బుక్కులో అచ్చు పడ్డాక సరుకు ఇవ్వండి. దీనికి ఫోను అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు, ఎవరినీ అనుమానించినట్టు మాట్లాడవలసిన ఇబ్బందీ లేదు. బ్యాంకు వేళలకు కట్టుబడాలి, ఒక పూట కూలి పోవచ్చు, నిజమే. తొమ్మిది వేల మిషన్ పోవడం కంటే నయం.

ఫోను ద్వారానే అయితే తెలుసుకోవలసింది కొద్దిగానే ఉంది. డబ్బు మనకు రావడానికి మనం ఏ కోడూ స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ నొక్కనక్కర్లేదు. ఆ రెండూ డబ్బు పంపేవాళ్ళు చేసే పనులు. సైనికుడినని చెప్పుకుని, అడ్వాన్సు పంపుతా, ఈ కోడ్ స్కాన్ చెయ్యి అనే మోసం దేశమంతా ఇన్నేళ్ళు నడిచింది ఈ చిన్న విషయం తెలియకపోవడం మీదే. అవతలివాడి తెరను నమ్మకూడదు, బ్యాంకు పేరుతో ఏదో నంబరు నుంచి వచ్చిన మెసేజీని కూడా నమ్మకూడదు, మన ఖాతాలో నిల్వ పెరిగిందా లేదా అన్నదొక్కటే రుజువు. స్మార్ట్‌ఫోను లేనివాళ్ళు బ్యాంకులో నమోదైన నంబరు నుంచి స్టార్ 99 హ్యాష్ నొక్కి ఇంటర్నెట్ లేకుండానే నిల్వ చూసుకోవచ్చు. దానికి ముందుగా పిన్ పెట్టుకుని ఉండాలి. నిల్వ చూసేటప్పుడు ఆ పిన్ అడుగుతుంది, అది డబ్బు పోవడం కాదు. "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది తిప్పి పంపు" అంటే, అసలు వచ్చిందో లేదో చూసేదాకా పైసా కదపకూడదు. చెక్కు ఇస్తే అది చెల్లి డబ్బు జమయ్యేదాకా సరుకు మన గుమ్మం దాటకూడదు.

చట్టం కూడా ఇందులో మన వైపే ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 32వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే సరుకు అప్పగించడం, ధర చెల్లించడం రెండూ ఒకేసారి జరగాలి. డబ్బు ముట్టేదాకా సరుకును అట్టేపెట్టుకునే హక్కు అమ్మేవాళ్ళకు ఉంది. "బండికి టైమయింది" అనేవాడికి "అయితే రేపటి బండికి రా బాబూ" అనడం మొరటుతనం కాదు, చట్టబద్ధమైన హక్కు. సరుకు ఒకసారి వదిలేశాక పరిస్థితి తిరగబడుతుంది. మోసంతో పట్టుకెళ్ళినవాడు దాన్ని, సంగతి తెలియని ఇంకొకరికి అమ్మేస్తే, అప్పటికి మనం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుని ఉండకపోతే, 29వ సెక్షను కింద ఆ కొత్తవాళ్ళకే హక్కు సంక్రమించవచ్చు. మిషన్ ఎక్కడుందో తెలిసినా తిరిగి రాకపోవచ్చన్న మాట. అందుకే మోసమని తెలిసిన క్షణాన 1930 నంబరుకు ఫోను చేయడం, పోలీసుస్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వడం ఆలస్యం చేయకూడదు.

ఫిర్యాదుకు వెళ్ళినప్పుడు ఎదురయ్యే ఒక మాట మనకు బాగా పరిచితం. "పిన్ నొక్కింది నువ్వే కదా?" రిజర్వుబ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశంలో, ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీని మూడు పనిదినాల్లో తెలియజేస్తే, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, నష్టం ఖాతాదారు మీద పడకూడదని ఉంది. చాలా మంచిది. కానీ మాయమాటలు నమ్మి తానే పిన్ నొక్కితే అది అనుమతి ఉన్న లావాదేవీ అంటారు, లేదా ఆమె నిర్లక్ష్యం అంటారు. మోసంతో రాబట్టిన సమ్మతిని సమ్మతిగా లెక్కగట్టే ఈ తర్కాన్ని స్త్రీల ఉద్యమం కోర్టుల్లో, పోలీసుస్టేషన్లలో వేరే సందర్భాల్లో చాలాకాలంగా ఎదుర్కొంటూనే ఉంది. తలుపు తీసింది నువ్వే కదా, వెంట వెళ్ళింది నువ్వే కదా అన్నవాళ్ళే ఇప్పుడు పిన్ దగ్గరికి వచ్చారు.

జాగ్రత్తగా ఉండమని స్త్రీలకు చెప్పడం కంటే వ్యవస్థను మార్చడం ఎంత సులువో చూపించే ఉదాహరణ ఇటీవలిదే ఉంది. మనుషుల మధ్య "డబ్బు పంపమని అడిగే" కలెక్ట్ రిక్వెస్ట్ సౌకర్యం యూపీఐలో మోసాలకు రాజమార్గంగా ఉండేది. దాని గురించి ఏళ్ళ తరబడి హెచ్చరికలు ఇచ్చారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి జాతీయ చెల్లింపుల సంస్థ ఆ సౌకర్యాన్నే ఎత్తేసింది. యూపీఐ మొదలైంది 2016లో. తొమ్మిదేళ్ళు ఎందుకు పట్టిందో ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

ఇంకొక సంగతి, చెల్లింపుల గురించి రాసేవాళ్ళకు తట్టనిది. ఫోను నంబరే యూపీఐ చిరునామాగా ఉంటే, డబ్బు పంపినవాడి దగ్గర ఆమె పేరు, నంబరు రెండూ మిగిలిపోతాయి. ఇంటికి వచ్చాడు కాబట్టి ఇల్లూ తెలుసు. వారం తర్వాత మొదలయ్యే "హాయ్" మెసేజీలకు మిషన్‌తో సంబంధం ఉండదు. వద్దన్నా వెంటబడి సంప్రదించడం భారతీయ న్యాయసంహిత 78వ సెక్షను కింద నేరం. నంబరు కనిపించని యూపీఐ చిరునామా పెట్టుకోవచ్చు. సరుకు అప్పగించడానికి ఇల్లు కాకుండా నలుగురు మసలే చోటు ఎంచుకోవచ్చు. అమెరికాలో చాలా ఊళ్ళలో పోలీసుస్టేషన్ల ఆవరణలో ఇలాంటి మార్పిడికి స్థలం కేటాయించి, కెమెరాలు పెట్టారు. మన దగ్గర అందుకు కొత్త భవనాలు కట్టనక్కర్లేదు. గ్రామ సచివాలయం వరండా, బ్యాంకు ముందు చెట్టునీడ చాలు. "మగతోడు తీసుకెళ్ళు" అనే సలహా మాత్రం వద్దు. నడికుడిలో రెండో ఆమె డబ్బు పోయింది తోడున్న మగమనిషి ఖాతాలోకే.

పొదుపు సంఘాలు ఈ పని చేపట్టాలని నేను కోరుతున్నాను. సంఘం అప్పు వాయిదాల లెక్క పైసాతో సహా నోటికి చెప్పగల స్త్రీలు తమ ఖాతాకు ఏ ఫోను నంబరు జతై ఉందో చెప్పలేకపోవడం నేను నడికుడిలో చూశాను. మొదటామె ఫోను మోగకపోవడానికి కారణం ఒక్క మోసమే కాదు. డబ్బు నిజంగా వచ్చి ఉన్నా ఆ ఫోను మోగేది కాదు, ఖాతాకు కొడుకు నంబరు ఇచ్చారు, అతను హైదరాబాదులో ఉంటాడు. సంఘం సమావేశంలో ఒక్క పూట అందరి పాస్‌బుక్కులూ ముందు పెట్టుకుని ఇది సరిచూసుకోవచ్చు. నంబరు మార్చుకోవడానికి పాస్‌బుక్కు, గుర్తింపుకార్డు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి దరఖాస్తు ఇవ్వాలి. అది ఆమె ఒక్కదాని పేరున ఉన్న ఖాతా అయితే దాని మీద కావలసింది ఆమె సంతకమో వేలిముద్రో మాత్రమే. భర్త సంతకం అక్కర్లేదు.