జ్ఞానదంతం బీమాకు కనబడదా?

2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తొలగిపోయింది. అప్పటి నుండి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన సంఘాల్లోనూ పాలసీల మాట ఎక్కువగా వినబడుతోంది. మంచిదే. అయితే సంతకం పెట్టకముందు మన యౌవనస్థులు ఒక ప్రశ్న అడగాలని కోరుతున్నాము. జ్ఞానదంతం తీయించుకుంటే ఈ పాలసీ డబ్బు ఇస్తుందా?

ఈ దంతం సాధారణంగా 17 నుండి 25 ఏళ్ల మధ్య వస్తుంది. చదువులకో, పనికి వలసగానో ఇల్లు విడిచే వయసు అది. దవడలో చోటు చాలక పన్ను అడ్డంగా ఇరుక్కుంటే చిగురు కోసి, ఒక్కోసారి ఎముక తొలిచి, పంటిని ముక్కలు చేసి తీస్తారు. నిజానికి అది శస్త్రచికిత్సే. కాని మత్తు ఇంజక్షన్ ఇచ్చి, పని ముగించి, ఆ పూటే ఇంటికి పంపుతారు. చిక్కంతా అక్కడే ఉంది. మామూలు పాలసీలు 24 గంటలు ఆసుపత్రిలో చేరితేనో, 'డే కేర్' కింద ఒప్పుకున్న చికిత్స అయితేనో చెల్లిస్తాయి. దంత వైద్యుని కుర్చీలో జరిగినదాన్ని ఓపీ అంటారు, చేయి దులుపుకుంటారు. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప దంత చికిత్సకు ఇవ్వము అని రాసుకున్న పాలసీలూ ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ కొంత నయం, వ్యాధి వలన అవసరమైన దంత చికిత్సనూ చేర్చింది. అయినా ఓపీ ఖర్చు దానిలోనూ రాదు.

దీని ఫలితం చూడండి. పన్ను ఈరోజు తీయిస్తే ఖర్చు మనదే. మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చి, చీము మెడలోకి దిగి, ఊపిరాడక ఐసీయూలో చేరితే అప్పుడు బీమా పలుకుతుంది! అప్పటికి ప్రాణం మీదికి వచ్చి ఉంటుంది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. నేటి ఎన్టీఆర్ వైద్య సేవ దాని కొనసాగింపే. గుండె జబ్బు, క్యాన్సరు వంటి పెద్ద కష్టాల్లో అది పేదలను ఆదుకుంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలో 2.5 లక్షల వరకు బీమా కంపెనీలు, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలి. అంకె ఘనమైనదే. కాని కూలి కుటుంబాన్ని వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కించేది తరచుగా అయిదారు వేల ఖర్చే. ఓపీలో జరిగే ఇలాంటి చికిత్సలను కూడా చేర్చమని మన ఎమ్మెల్యేలను అడగాలి.

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లోనో మరెక్కడో పనిచేస్తూ జీతంలో ఈఎస్ఐ కోత పడుతున్నవారు ఆ కార్డును బయటికి తీయండి. దానిలో ఓపీ వైద్యం ఉంది.

ఇంకొక మాట. "ఒక రాత్రి చేరినట్టు కాగితం రాయిద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. అది అబద్ధమే గాక, బయటపడితే కంపెనీ పాలసీనే రద్దు చేయవచ్చు. న్యాయమైన క్లెయిమును తిరస్కరిస్తే మాత్రం ఊరుకోవద్దు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. దానికి ఫీజు లేదు, వకీలూ అక్కరలేదు.