నల్లరేగడిలో ప్లాస్టిక్ గడ్డి వేయిస్తున్నారా? ముందు నీళ్లకి దారి చూడండి

ఎప్పుడూ పత్తి, మిరప గురించి రాసేవాణ్ణి, ఈరోజు ప్లాస్టిక్ గడ్డి గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన నల్లరేగడి ప్రాంతాల్లో కూడా కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు వాకిట్లో ఈ గడ్డి చాప పరిపించుకుంటున్నారు. టౌన్లో ఉండే మా పెద్దమ్మాయి వాళ్లూ వేయించుకున్నారు. పోయిన వానాకాలం అక్కడ జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నల్లరేగడిలో ఈ చాప వేసుకోవచ్చు. కానీ పెట్టే డబ్బులో పెద్ద భాగం చాప కింద పెట్టాలి. అంత పెట్టలేమనుకుంటే అసలు వేయించొద్దు.

మా అమ్మాయి వాళ్ల వాకిలి 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. వేసినాయన పైపైన కలుపు గీకించి, రెండు అంగుళాల క్రషర్ డస్ట్ పోసి, రోలర్ తిప్పి, చాప పరిచి మేకులు కొట్టి రెండు రోజుల్లో వెళ్లిపోయాడు. "అడుగున బెజ్జాలుంటాయి సార్, నీళ్లు వాటంతటవే దిగిపోతాయి" అన్నాడట మా అల్లుడుగారితో. బెజ్జాలున్న మాట నిజమే. చాపలోంచి నీళ్లు దిగుతాయి. దిగి ఎక్కడికి పోతాయి?

రేగడి గుణం రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. తొలకరి నీళ్లు ఆ నెర్రెల్లోంచి గటగటా తాగేస్తుంది. నాలుగు వానలు పడ్డాక మట్టి ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుపోతాయి. ఇక నీరు కిందికి దిగాలంటే గగనమే. అందుకే నీళ్లు నిలిచిన చోట పత్తి, మిరప ఉరకెత్తుతాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు నల్లరేగడి కోసం మీటరున్నరకొక ఎత్తుమడి, కాలువ పద్ధతి తయారుచేసింది కూడా ఈ మురుగు బాధకే. చేలో మనం ముందు మురుగు బోదె తీస్తాం. వాకిట్లోకి వచ్చేసరికి ఆ సంగతే మర్చిపోతున్నాం.

ఒక లెక్క చూడండి. 600 చదరపు అడుగుల వాకిట్లో 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2,800 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 14. మేడ మీద నుంచి పడే నీళ్లు దీనికి అదనం. అన్ని నీళ్లూ ఆ రెండంగుళాల డస్ట్‌లో చేరి, కింద రేగడి పట్టుకుని కూర్చుంటే ఏమవుతుంది? మూడో రోజుకి కూడా కాలు పెడితే చాప కింద పచపచమంది. వారానికి వాసన మొదలైంది. అక్కడక్కడా గుంటలు పడ్డాయి. అదంతా ఒక ఎత్తు. ఆ నీళ్లు ప్రహరీ కింద నుంచి పక్కింట్లోకి ఊరాయి. అక్కడ ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. ఆవిడ మా అమ్మాయిని పిలిచి, "అమ్మాయ్, మీ గడ్డి పచ్చగానే ఉందమ్మా, నా గోడే చెమ్మెక్కింది" అంది. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. చేలో గట్టు తెగ్గొట్టి మన మురుగు పక్కవాడి చేలోకి వదిలితే పెద్దమనుషుల్లో పెడతాం కదా. ఇదీ అదే తప్పు.

వానలు తగ్గాక చాప ఎత్తించి మళ్లీ చేయించాం. చేసిన పని వరసగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు బయట వీధి కాలువ మట్టం చూశాం. మన పైపు కన్నా అది కిందికి ఉంటేనే మిగతా పని. తర్వాత ఎనిమిది అంగుళాలు రేగడి తీసేశాం. ఆ మట్టి నేనే ట్రాక్టరుతో మా చేలో పల్లానికి తోలుకున్నాను. తవ్విన అడుగునే ఇంటివైపు నుంచి వీధివైపుకి వాలు పెట్టాం, 30 అడుగులకి మూడున్నర అంగుళాలు. పైన వాలు పెట్టి అడుగు చదునుగా వదిలేస్తే నీళ్లు అడుగునే ఆగుతాయి. పల్లపు చివర కాలువ తీసి, బెజ్జాలు పెట్టిన నాలుగంగుళాల పీవీసీ పైపు వేసి వీధి కాలువకి కలిపాం. రేగడి మీద జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచాం. అది లేకపోతే బురద పైకొచ్చి కంకర సందులన్నీ పూడ్చేస్తుంది. దాని మీద 20 ఎం.ఎం. కంకర, ఆపైన సన్న చిప్స్, అన్నీ దిమ్మిస కొట్టించాం. డస్ట్ వేయలేదు. గట్టిపడితే అది నీటిని సరిగ్గా దిగనివ్వదు.

తవ్వకానికి దుక్కికి చూసినట్టే పదును చూడాలి. బురదలో తొక్కితే రేగడి ఇంకా బిగుసుకుంటుంది.

ఇంకుడు గుంత తీస్తే చాలదా అని కొందరు అడిగారు. రేగడి లోతుగా ఉన్నచోట ఆ గుంత తొట్టిలా నిండి ఊరుకుంటుంది. కింద గరుసు పొర తగిలేదాకా వెళ్లగలిగితేనే ఉపయోగం. ముందు ఒక అడుగు గుంత తవ్వి నీళ్లు పోసి, మర్నాడు చూడండి. నీళ్లు అలాగే ఉంటే మీకు పైపు తప్పదు.

ఈ ఏడు పెద్ద వానకి కూడా గంటలో వాకిలి ఆరింది. పక్కింటి పెద్దావిడ గోడకి ప్లాస్టరింగ్ మా ఖర్చుతోనే చేయించాం. అయినా ఎండలకి రేగడి కుంచించుకుని ఒకచోట చిన్న పల్లం పడింది, సరిచేయించాలి. మిట్టమధ్యాహ్నం ఆ చాప మీద పిల్లలు ఒట్టి కాళ్లతో నిలబడలేరు. ఇవి కూడా తెలిసి వేయించుకోవాలి. చెట్టు ఉంటే మొదలు చుట్టూ మట్టి వదిలేయండి.

పనిచేసేవాళ్లు అడుగుకి ఇంత అని చాప రేటు చెప్తారు. మీరు చాప రంగు అడిగే ముందు "నీళ్లు ఎటు పోతాయి?" అని అడగండి. చేత్తో చూపించమనండి. ఆ చెయ్యి పక్కింటి గోడవైపు చూపిస్తే బేరం అక్కడే ఆపేయండి.