అన్నీ గ్యాసు నొప్పులేనా?

“వీపుల పొడిచినట్టు అయితాంది వదినా!”

“గ్యాసయి ఉంటది. ఒక గోళి వేసుకో, అదే పోతది.”

ఆడవాళ్లు నలుగురు కలిసిన చోట ఈ మాటలు వినపడని రోజుండదు. నడుం నొప్పి అంటే అందరికీ తెలుసు. మోకాళ్ల నొప్పులంటే సరేసరి. మెడకూ నడుముకూ మధ్య, రెండు రెక్క ఎముకల నడుమ, పక్కటెముకల వెంట వచ్చే నొప్పికి మాత్రం మనం ఓ పేరంటూ పెట్టుకోలేదు. ఒకరు ‘ఊపిరి పట్టింది’ అంటారు. ఇంకొకరు ‘డొక్కల పోటు’ అంటారు. పెద్దవాళ్లు ‘వాయువు’ అంటారు. చివరికి అన్నీ వెళ్లి గ్యాసు ఖాతాలోనే పడతాయి!

అసలు ఆ వీపులో ఏముందో చూద్దాం. మెడ కింద నుంచి నడుము పైదాకా 12 వెన్నుపూసలుంటాయి. ఒక్కో పూసకు అటొకటి ఇటొకటి చొప్పున పక్కటెముకలు, మొత్తం 12 జతలు. పై 7 జతలు ముందువైపు రొమ్ము ఎముకకు మెత్తని ఎముకతో నేరుగా అతుక్కుని ఉంటాయి. తర్వాతి 3 జతలు తమ పైనున్న వాటిని పట్టుకుని ఉంటాయి. చివరి 2 జతలకు ముందువైపు ఏ ఆధారమూ ఉండదు. మనం ఊపిరి తీసినప్పుడల్లా ఈ గూడంతా కదులుతుంది. కాలు బెణికితే మంచం మీద చాపుకుని కూర్చోవచ్చు. పక్కటెముకకు అలాంటి సెలవెక్కడిది? అందుకే అక్కడ కండరం పట్టేస్తే దగ్గినా, తుమ్మినా, పక్కకు తిరిగినా ప్రాణం జిల్లుమంటుంది.

చాలాసార్లు కారణం మనం చేసే పనిలోనే ఉంటుంది. మా ఏటూరునాగారం చుట్టుపక్కలే చూడండి. గోదావరి ఒడ్డు చేలల్లో మిర్చి పండిస్తారు. ఏరేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు వస్తారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెట్ల మీదికి వంగి, కట్టుకున్న ఒడిలో కాయలు నింపుకుంటూ సాలు వెంట సాగాలి. ఎండాకాలం వస్తే తునికాకు. తెల్లవారుతూనే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చి, తల వంచుకుని కూర్చుని 50 ఆకులకో కట్ట కట్టాలి. కట్టలకు లెక్క ఉంటుంది. వంగిన వీపు ఏ లెక్కలోకి వస్తుంది?

చేనుకు వెళ్లనివాళ్లం మనకేమిటిలే అనుకోకండి. కుట్టుమిషను ముందు గంటల తరబడి కూర్చునేవాళ్లు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు, పసిబిడ్డ మీదికి వంగి పాలిచ్చే బాలింతలు, ఎత్తు చాలని సింకు దగ్గర అంట్లు తోమేవాళ్లు, ఒకే చంకన బిందె మోసేవాళ్లు... అందరిదీ ఒకటే భంగిమ. రాత్రి పక్క మీద చేరాక మెడ వంచి సెల్‌ఫోను చూడటం దీనికి అదనం. తల ముందుకు వాలినకొద్దీ మెడా వీపూ కండరాలు దాన్ని లాగి పట్టుకోవాల్సి వస్తుంది. రోజులకు రోజులు అలా పట్టుకుంటే అవి మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి?

మరి దీన్ని మనం గ్యాసు అని ఎందుకంటున్నాం? కడుపులో మంట వీపుకు పాకడం లేదని కాదు. కానీ నాకు తోచిన కారణం వేరే ఉంది. గ్యాసు అంటే ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర్లేదు. ఒక గోళీ, గుక్కెడు వాము నీళ్లు చాలు. పొయ్యి ఆరదు, అంట్లు ఆగవు. అదే “నా వీపు పట్టేసింది, నాలుగు రోజులు బరువెత్తలేను” అని చెప్పామనుకోండి. బిందె ఇంకెవరో ఎత్తాలి. బట్టలు ఇంకెవరో పిండాలి. అందుకని ఇంటికి ఇబ్బంది కలిగించని జబ్బు పేరును మనమే ఎంచుకుంటున్నాం. ఇంట్లోవాళ్లకూ అదే హాయి!

కండరాల నొప్పయితే ఈ సర్దుబాటుతో పోనీలే అనుకోవచ్చు. కొద్దిపాటి విశ్రాంతి, వేడి కాపడం, మెల్లగా నడవడం... వీటితో చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ అదే చోట వచ్చే నొప్పులన్నీ కండరాలవి కావు.

మా వీధిలో ఒకామె నాలుగు నెలలపాటు రెక్కల నడుమ నొప్పి అంటూ గోళీలు మింగింది. చిన్న మనవడితో వీపు తొక్కించుకుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. జాకెట్లు వదులయ్యాయి. “సన్నబడ్డవే” అని అందరం మెచ్చుకున్నాం కూడా! కాళ్లు తిమ్మిరెక్కి తడబడుతుంటే అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగులో తేలింది వెన్ను క్షయ. క్షయ అంటే దగ్గే అనుకుంటాం కదా, ఆమెకు దగ్గే లేదు. ఈ జబ్బు కొత్తదేమీ కాదు. 1779లోనే పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండు వైద్యుడు దీన్ని వివరించి రాశాడు. ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం. ఏడాదో, అంతకన్నా ఎక్కువో విడవకుండా వాడాలి. పోషకాహారం కోసం క్షయ రోగులకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఇస్తున్నారు. ఇన్ని ఉండీ ఆలస్యమయింది దేనివల్ల? గ్యాసు అన్న ఒక్క మాటవల్ల.

కాబట్టి అక్కచెల్లెళ్లూ, కొన్ని గుర్తులు మనసులో పెట్టుకోండి. పడుకున్నా తగ్గని నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాళ్ల తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం... వీటిలో ఏది కనిపించినా ఆగవద్దు. రొమ్ము క్యాన్సరుకు చికిత్స చేయించుకున్నవాళ్లు వీపు నొప్పి విడవకుండా ఉంటే డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి. ముట్లుడిగిన తర్వాత ఎముకలు గుల్లబారుతాయి. బిందె ఎత్తినా, గట్టిగా తుమ్మినా పూస నొక్కుకుపోవచ్చు. ఎప్పుడూ కట్టే చీర ఈమధ్య నేల జీరుతోందంటే మీ ఎత్తు తగ్గుతోందేమో చూడండి. అలాంటివాళ్లు వీపు తొక్కించుకోవడం చాలా ప్రమాదం. నూనె పదార్థాలు తిన్నాక కుడి డొక్కలో మొదలై కుడి రెక్క కిందికి పాకే నొప్పి పిత్తాశయంలో రాళ్లది కావచ్చు. ఒకవైపే పట్టీలాగా మంట పుట్టి పొక్కులు లేస్తే అది సర్పి. పొక్కులు కనిపించిన మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మేలు. ఇక చెమటలు, ఆయాసం, వాంతి, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే గుండెపోటు కావచ్చు. ఆడవాళ్లలో అది ఒక్కోసారి వీపులోనే తెలుస్తుంది. వాము నీళ్లు పక్కనపెట్టి 108కి ఫోను చేయండి.

నల్గొండ ఫ్లోరైడు బాధ గుర్తుందా? ఆ నీళ్లు తాగి తాగి ఎందరివో వెన్నుపూసలు బిగుసుకుపోయాయి. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును వైద్యులు నమోదు చేశారు. ఒక్కో మనిషి నొప్పిగా చూసినన్నాళ్లూ అది ఎవరి ఖర్మ వాళ్లది. ఊరందరి నొప్పిగా చూశాకే మంచినీళ్లు కావాలన్న మాట పుట్టింది. ఆడవాళ్ల వీపు నొప్పినీ అలాగే చూడమంటాను. కల్లాల దగ్గర కూర్చుని కట్టలు కట్టేందుకు ఎత్తు పీటలు, చేలో గంటకోసారి నడుమెత్తి నిలబడే వ్యవధి, వంటింట్లో మన ఎత్తుకు తగిన గట్టు... ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు.

ఈసారి వీపులో నొప్పి వస్తే ఇంట్లో స్పష్టంగా చెప్పండి. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, ఏ పని చేస్తే ఎక్కువవుతోంది, రాత్రుళ్లు నిద్ర పడుతోందా లేదా... ఈ నాలుగు మాటలే డాక్టరుకూ చెప్పండి. తగ్గేదాకా బరువు పనులు మగవాళ్లకు, ఎదిగిన పిల్లలకు అప్పగించండి. బిందె చేతులు మారినంత మాత్రాన ఏ ఇల్లూ తలకిందులు కాదు. ఏమంటారు?