వైరు రాదు, వరస నంబరూ లేదు!

ఇల్లు మారడమంటే ఒకప్పుడు గ్యాసు, రేషన్ కార్డు, పిల్లల బడి. ఈ మూడూ కుదిరితే సగం పని అయినట్టే. ఇప్పుడు నాలుగోది వచ్చి చేరింది. అదే ఇంటర్నెట్టు. పాలవాడు, పేపరువాడు రెండో రోజుకే కుదురుతారు. నెట్టు మాత్రం ఓ పట్టాన కుదరదు. రెండు రోజులన్నది రెండు వారాలవుతుంది, ఒక్కోసారి నెలా దాటుతుంది. "ఏముందిలే, నాలుగు రోజులు ఆగితే పోలా?" అనుకుంటాం. కానీ ఆ ఆగడం ఇంట్లో ఎవరి వంతుకు వస్తోందో చూస్తే ఇది అంత తేలిగ్గా కొట్టిపారేసే సంగతి కాదు.

మా అనుభవమే చెబుతాను. అమ్మాయి చదువు కోసం బోధన్ నుంచి నిజామాబాద్‌కు మకాం మార్చాం. మధ్య దూరం గట్టిగా ముప్ఫై కిలోమీటర్లు లేదు. అక్కడున్న ఫైబర్ కనెక్షన్‌నే కొత్త ఇంటికి మార్చమని అడిగి డబ్బు కట్టాం. "నలభై ఎనిమిది గంటల్లో వచ్చేస్తుంది మేడం" అంది ఫోన్లో అమ్మాయి. మూడో రోజున వచ్చిన కుర్రాడు స్తంభం మీది పెట్టె తెరిచి చూసి, "పోర్టు ఖాళీ లేదక్కా" అని వెళ్లిపోయాడు. ఇక రోజూ ఒకటే మాట. "ఇయ్యాల పదింటి నుంచి ఆరింటి లోపల మా మనిషొస్తడు, ఇంట్లనే ఉండుండ్రి."

ఎవరుండాలి? మావారు ఆఫీసుకు, అమ్మాయి కాలేజీకి. ఉండాల్సింది నేనే. నేను ఇంట్లోనే కూర్చుని రెండు దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. అదీ ఉద్యోగమేనని ఎవరికి చెప్పను? ఒకరోజు మందుల కోసం అరగంట బయటికి వెళ్లానో లేదో, "ఇల్లు తాళం వేసి ఉంది" అని రాసి ఫిర్యాదు మూసేశారు. మళ్లీ మొదటికొచ్చింది. చివరకు ఇరవై ఆరో రోజున వైరు వచ్చింది. బిగించడానికి పట్టిన సమయం గంటలోపే!

ఎక్కడ ఆగుతోంది?

గంటలోపు పనికి ఇరవై ఆరు రోజులెందుకు పట్టాయి? కంపెనీ కేంద్రం నుంచి వచ్చే గాజుతీగ మన వీధి స్తంభం మీది చిన్న పెట్టెదాకా వస్తుంది. ఆ పెట్టెలో ఎనిమిదో, పదహారో కన్నాలుంటాయి. ఒక్కో ఇంటికి ఒక్కో కన్నం. అవి నిండితే ఇంకో పెట్టె పెట్టాలి. ఆ నిర్ణయం స్తంభమెక్కే కుర్రాడి చేతిలో లేదు, ఫోనెత్తే అమ్మాయి చేతిలో అసలే లేదు. చాలాచోట్ల కంపెనీకి, మన గడపకు మధ్య స్థానిక కేబుల్ ఆపరేటరో, కాంట్రాక్టరో ఉంటారు. అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. జవాబు చెప్పాల్సినవాళ్లు మాత్రం కనబడరు.

స్తంభాల సంగతి వేరే. అవి విద్యుత్ సంస్థవి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే స్తంభాలపై వేలాడే కేబుళ్లను కత్తిరించే పని మొదలైంది. ఎన్నో ఇళ్లలో నెట్టు ఆగిపోయింది, వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. ప్రాణాల కంటే వైరు ఎక్కువ కాదు. కానీ కంపెనీలు, విద్యుత్ శాఖ, మున్సిపాలిటీ ముందే ఒకచోట కూర్చుని ఏ తీగ ఎక్కడ వెళ్లాలో తేల్చుకుని ఉంటే అంత గందరగోళం ఉండేదా?

పల్లెల కథా ఇలాంటిదే. ప్రతి గ్రామ పంచాయతీకి ఫైబర్ అంటూ కేంద్రం 2011లో మొదలుపెట్టిన పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. దాన్ని సవరించి 2023 ఆగస్టులో లక్షా 39 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయించారు. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంబడే టీ-ఫైబర్ తీగ వేశారు. ఇళ్లకు ఇవ్వడం 2024 డిసెంబర్‌లో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ వంటి కొన్ని ఊళ్లలో ప్రయోగంగా మొదలైంది. అంటే వందల కిలోమీటర్లు వచ్చిన తీగకూ ఊళ్లోకొచ్చాక గడప దాటడమే కష్టమవుతోందన్నమాట!

అప్పటి ఫోను, చెరకు వంతు

ల్యాండ్‌లైన్ ఫోను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు మనలో చాలామందికి గుర్తే. అడిగిన వెంటనే ఫోను ఇస్తామని 1994 టెలికాం విధానంలో ప్రభుత్వం మాటిచ్చింది. అప్పటిదాకా వెయిటింగ్ లిస్టే గతి. అయితే ఆ లిస్టులో మనకో నంబరుండేది. మన ముందు ఎందరున్నారో అడిగి తెలుసుకోవచ్చు.

మా బోధన్ వైపు చెరకు రైతులకూ ఈ సంగతి బాగా తెలుసు. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించేదాకా షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీయే ఆ ప్రాంతానికి గుండెకాయ. చెరకు కోయాలంటే ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు రావాలి. ఆలస్యమైతే చెరకు ఎండి బరువు తగ్గేది, రైతు గొడవకు దిగేవాడు. గొడవ పడడానికి ఓ ఆధారముండేది. ఎవరి తర్వాత ఎవరన్న వంతు ఉండేది.

ఇప్పటి ఫైబరుకు ఆ వంతే లేదు. మన తర్వాత అడిగిన ఎదురింటికి ముందు వస్తే ఎందుకని అడగడానికి వీల్లేదు. ఆలస్యం కంటే పెద్ద అన్యాయం ఇదే.

ఆకు రాకపోతే పని లేదు

ఇంటి నుంచి పని అన్నది కరోనా కాలంలో కొత్తగా పుట్టిందంటారు. నిజామాబాద్ జిల్లా ఆడవాళ్లకు అది ఏనాటిదో! తునికాకు, తంబాకు తెచ్చుకుని ఇంటి అరుగు మీదే బీడీలు చుడుతున్నారు. కార్ఖానా నుంచి ఆకు రాకపోతే ఆ రోజు కూలి లేదు. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలికి నెట్టే ఆకు. అది రాని రోజుల కూలి ఎవరిస్తారు?

"ఫోన్లో డేటా ఉందిగా" అంటారు. ఆ ఫోను ఎవరి జేబులో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు దేశంలో నూటికి 33 మందే, మగవాళ్లు 57 మంది. తెలంగాణలో మహిళలు నూటికి 27 మందిలోపే. ఇంటికి వైరుంటే అందరికీ పంచుతుంది. లేకపోతే ఉన్న కాస్త డేటా ముందు మగవాళ్ల పనికి, తర్వాత పిల్లల చదువుకు. ఆఖరున మిగిలితే మనకు!

ఇది విలాసమేమీ కాదు. సాయంత్రం వేళల్లో ఫోను వాడొద్దన్న హాస్టల్ నిబంధన మీద కేరళలో ఒక విద్యార్థిని కోర్టుకెళ్తే, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమేనని 2019 సెప్టెంబర్‌లో ఆ రాష్ట్ర హైకోర్టు చెప్పింది.

గడువుంది, అడిగేదెవరు?

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లోనే బ్రాడ్‌బ్యాండ్‌కు 15 పనిదినాల గడువు పెట్టింది. డబ్బు కట్టించుకుని ఆలస్యం చేస్తే రోజుకు పది రూపాయల చొప్పున బిల్లులో తగ్గించాలంది. 2024 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో గడువును ఏడు రోజులకు కుదించారు. అయితే ఈ లెక్క డబ్బు కట్టిన రోజునుంచే మొదలవుతుంది. రసీదు లేకపోతే రోజులు లెక్కపెట్టడానికే ఆధారం ఉండదు.

అందుకే కొన్ని జాగ్రత్తలు. ఇల్లు ఖాయం చేసుకునే ముందే ఆ వీధి పెట్టెలో ఖాళీ ఉందో లేదో పక్కింటివాళ్లనూ, ఆపరేటర్‌నూ అడగండి. డబ్బు రసీదు మీద తేదీ ఉండాలి. ఫిర్యాదు చేస్తే నంబరు తప్పకుండా తీసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయండి, 39 రోజుల్లో తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. టెలికాం వివాదాలు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. ఇంకొక్క మాట. కనెక్షన్ మీ పేరున తీసుకోండి. లేకపోతే రోజంతా కాపలా ఉండేది మీరు, "సార్‌తో మాట్లాడతాం" అనేది వాళ్లు!

కంపెనీలను మనం అడగాల్సింది ఆకాశంలో చుక్కలు కాదు. రాతపూర్వకంగా ఒక తేదీ. మన వంతు తెలిపే ఒక నంబరు. మనిషి వచ్చేది రెండు గంటల తేడాలో చెప్పడం. వీలుకాకపోతే కారణం రాసిచ్చి, కట్టిన డబ్బు వెనక్కివ్వడం. ఆడవాళ్లు ఇంట్లోనే ఉంటారు కదా, వాళ్ల పగలు ఊరికే వస్తుందనుకోవడం ఇకనైనా మానాలి. మనమూ తేదీ చెప్పని మాటను మాట కింద లెక్కేయడం మానేద్దాం.