నాన్న మెయిన్ వేస్తే పీసీ ఆన్ అవ్వాలి, అంతే!

లాల్ దర్వాజాలో మా నాన్న కిరాణా షాపు బిల్లింగ్ నడిచేది పాత డెస్క్‌టాప్ మీద, డెబియన్ వేసి. సీపీయూ అటక మీద ఉంటుంది. కరెంట్ పోయొచ్చినప్పుడల్లా మోకాళ్ల నొప్పితో ఆయన స్టూల్ ఎక్కి బటన్ నొక్కాలి. పోయిన బోనాలప్పుడు కౌంటర్ ముందు జనం, స్క్రీన్ నల్లగా. "కొత్తది కొనెయ్ రా" అన్నాడు. నేనైతే వద్దంటాను.

బయాస్‌లో 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అని ఒక ఆప్షన్ ఉంటుంది. చాలామంది 'లాస్ట్ స్టేట్' పెట్టమంటారు. షాపుకి అది పనికిరాదు. రాత్రి పద్ధతిగా షట్‌డౌన్ చేసి మెయిన్ ఆపేస్తే, పొద్దున కరెంట్ ఇచ్చినా ఆఫ్‌లోనే ఉంటుంది. 'పవర్ ఆన్' పెట్టండి. అంతకంటే ముందు బోర్డు మీద సీఆర్2032 సెల్ మార్చండి. అది డెడ్ అయితే మెయిన్ ఆపగానే సెట్టింగ్ కూడా ఎగిరిపోతుంది (నాకు రెండోసారి అటకెక్కాకే ఇది వెలిగింది).

లైనక్స్ వైపు పని చిన్నదే: ఆటోలాగిన్, బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని ఆటోస్టార్ట్‌లో పెట్టడం. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసుంటే మాత్రం బూట్‌లోనే పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతుంది.

ఇక మా గల్లీలో కరెంట్ వచ్చి, రెండు నిమిషాల్లో మళ్లీ పోతుంది. సగం బూట్‌లో దెబ్బ డిస్క్‌కే. అందుకే డబ్బు పెట్టింది చిన్న యూపీఎస్ మీద. ఇప్పుడు నాన్న మెయిన్ వేసి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించేలోపు బిల్లింగ్ రెడీ.